తోమస్ హెండ్రిక్ ఇల్వెస్: ఎస్టోనియా సోషల్ డెమొక్రాట్ నేత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్టోనియా పేరెత్తగానే మనవాళ్లలో చాలామంది ఆన్‌లైన్ ఓటు గురించో, ఈ-రెసిడెన్సీ కార్డు గురించో అడుగుతారు. ఆ వెంటనే బో టై కట్టుకున్న ఒక అధ్యక్షుడి ప్రస్తావన వస్తుంది. "ఆయనే కదా ఇదంతా చేసింది?" "ఆయన అమెరికా మనిషి కదా?" "సోషల్ డెమొక్రాట్ అంటే కమ్యూనిస్టేగా?" అన్న సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## పుట్టుక, చదువు, ప్రవాసం

ఇంతకీ ఎవరీ ఇల్వెస్? ఎందుకంత పేరు?

తోమస్ హెండ్రిక్ ఇల్వెస్ 2006 నుంచి 2016 వరకు పదేళ్లపాటు ఎస్టోనియా అధ్యక్షుడు. అంతకుముందు అమెరికాలో ఎస్టోనియా రాయబారిగా, రెండుసార్లు విదేశాంగ మంత్రిగా, యూరోపియన్ పార్లమెంటు సభ్యుడిగా పనిచేశారు. ఇప్పుడు సోషల్ డెమొక్రాటిక్ పార్టీగా ఉన్న పార్టీకి కొంతకాలం నాయకుడు కూడా. జనాభా 13 లక్షలు మాత్రమే ఉన్న దేశానికి చెందిన ఈయన మాటను వాషింగ్టన్‌లో, బ్రస్సెల్స్‌లో శ్రద్ధగా విన్నారు. ప్రభుత్వ సేవలను ఇంటర్నెట్ మీదికి తేవడం గురించి, రష్యా వల్ల చిన్న దేశాలకు ఉన్న ముప్పు గురించి ఆయన ఏళ్ల తరబడి ఒకే మాట మీద నిలబడి చెప్పారు. నా దృష్టిలో ఆయన అసలు బలం ఒప్పించగలగడం. ఆ సంగతి పక్కనపెట్టి "డిజిటల్ ఎస్టోనియా పితామహుడు" అని బిరుదిస్తే ఆయనకూ న్యాయం జరగదు, ఆ పని చేసిన మిగతావాళ్లకూ జరగదు.

స్వీడన్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, ఎస్టోనియాకు అధ్యక్షుడెలా అయ్యారు?

ఎస్టోనియా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు పుట్టుకతో ఎస్టోనియా పౌరుడై ఉండాలి, 40 ఏళ్లు నిండాలి. "పుట్టుకతో" అంటే ఆ గడ్డ మీదే పుట్టాలని కాదు, తల్లిదండ్రుల ద్వారా పౌరసత్వం వస్తే చాలు. 1940లో సోవియట్ యూనియన్ ఆక్రమించినా తమ రాజ్యం చట్టరీత్యా రద్దు కాలేదని ఎస్టోనియా వాదన. అందుకే ఆనాటి పౌరుల పిల్లలు ఏ దేశంలో పుట్టినా ఎస్టోనియా పౌరులే.

ఇల్వెస్ 1953 డిసెంబరు 26న స్టాక్‌హోమ్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సోవియట్ సేనలు తిరిగి వస్తుంటే వేలాది ఎస్టోనియన్లు పడవలెక్కి స్వీడన్‌కు, ఓడల్లో జర్మనీకి పారిపోయారు. ఆయన తల్లిదండ్రులు అలాంటి శరణార్థులే. తర్వాత కుటుంబం అమెరికాకు వెళ్లి న్యూజెర్సీలోని లియోనియాలో స్థిరపడింది. ఇంట్లో ఎస్టోనియన్, వీధిలో ఇంగ్లీషు. విదేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లకు ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. కాకపోతే ఇల్వెస్ కుటుంబానికి సెలవులకు వెళ్లి రావడానికి సొంత దేశం లేదు.

కంప్యూటర్ ఇంజనీరా?

కాదు. చదివింది సైకాలజీ. 1976లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, 1978లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. అయితే లియోనియాలో బడి చదువులోనే, పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, ఒక లెక్కల టీచర్ ప్రయోగాత్మకంగా నడిపిన తరగతిలో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 1960ల చివర్లో స్కూలు పిల్లలకు అలాంటి అవకాశం దొరకడం చాలా అరుదు. మామూలు బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పితే వాళ్లు నేర్చుకోగలరన్న నమ్మకం తనకు అక్కడే కలిగిందని ఆయన చాలాసార్లు చెప్పారు.

రాజకీయాల్లోకి రాకముందు ఏం చేసేవారు?

న్యూజెర్సీలో ఇంగ్లీషు బోధించారు. కెనడాలోని వాంకూవర్‌లో ఒక సాహిత్య కేంద్రాన్ని నడిపారు. అక్కడే సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఎస్టోనియన్ సాహిత్యం, భాషాశాస్త్రం చెప్పారు. 1984లో మ్యూనిక్ వెళ్లి రేడియో ఫ్రీ యూరప్‌లో చేరాక జీవితం మలుపు తిరిగింది.

ఆ రేడియో ఉద్యోగానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

రేడియో ఫ్రీ యూరప్ అమెరికా కాంగ్రెస్ నిధులతో నడిచే సంస్థ. ఇనుప తెర అవతల, అంటే సోవియట్ ప్రాబల్యంలో ఉన్న దేశాల జనానికి వాళ్ల భాషలోనే వార్తలు వినిపించడం అప్పట్లో దాని పని. ఇల్వెస్ మొదట విశ్లేషకుడిగా చేరి, 1988లో ఎస్టోనియన్ విభాగానికి అధిపతి అయ్యారు. సోవియట్ ప్రభుత్వం ఆ ప్రసారాలు వినపడకుండా గోల చేసే తరంగాలు వదిలేది. 1988 నవంబరు చివర్లో అది ఆగిపోయింది. అంటే ఆయన విభాగాధిపతి అయిన ఏడాదే అక్కడి ఇళ్లలో ఆ గొంతులు స్పష్టంగా వినిపించడం మొదలైంది.

ఎస్టోనియాలో పాటల ఉద్యమం (జనం గుమిగూడి పాటలు పాడుతూ స్వాతంత్ర్యం కోరిన ఉద్యమం) ఉవ్వెత్తున లేస్తున్న రోజులవి. అక్కడి ప్రతి చిన్న కదలికనూ రోజూ తరచి చూసి, విశ్లేషించి, అక్కడివాళ్లకే వినిపించాలి. 1993 దాకా ఆయన చేసింది అదే. బయట పెరిగినా దేశ రాజకీయం ఆయనకు కొట్టిన పిండి కావడానికి కారణం ఇదే.

## రాయబారి, మంత్రి

అమెరికా పౌరసత్వం వదులుకున్నారా?

వదులుకున్నారు. 1993లో ఎస్టోనియా ఆయన్ను అమెరికాలో తన రాయబారిగా నియమించినప్పుడు అమెరికా పౌరసత్వాన్ని వదిలేశారు. అప్పటికి ఎస్టోనియా స్వతంత్రమై రెండేళ్లే. ఆ దేశం నిలుస్తుందో లేదో, రష్యా సేనలు ఎప్పటికి కదులుతాయో తెలియని సమయం (చివరి దళాలు 1994 ఆగస్టులో వెళ్లాయి). అలాంటప్పుడు ఆ పాస్‌పోర్టు వదలడం చిన్న విషయం కాదు. 1996 వరకు రాయబారిగా ఉన్నారు. కెనడా, మెక్సికో బాధ్యతలు కూడా ఆయనవే.

బడులకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చిన టైగర్ లీప్ పథకం ఆయన ఆలోచనేనా?

ఆ ఆలోచన పుట్టించినవాళ్లలో ఒకరు. 1993లో వెబ్ పేజీలు చూపే తొలితరం మొజాయిక్ బ్రౌజర్ చూసినప్పుడు, రాయబారిగా ఉన్న ఇల్వెస్‌కు ఒక సంగతి తట్టింది. రోడ్లు, కర్మాగారాల్లో ఫిన్లాండ్‌ను అందుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది. ఇంటర్నెట్‌లో మాత్రం అందరూ ఒకే గీత మీద నిలబడి ఉన్నారు. ముందు బడులతో మొదలుపెట్టాలని ఆయన పట్టుబట్టారు. విద్యామంత్రి యాక్ ఆవిక్సో దాన్ని అందిపుచ్చుకున్నారు. 1996 ఫిబ్రవరి 21న అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి టీవీలో దేశానికి ప్రకటించారు. ఎస్టోనియన్‌లో దాని పేరు టీగ్రిహ్యూపె.

బడులకు కంప్యూటర్లు కొనడం, ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడం, టీచర్లకు శిక్షణ ఇవ్వడం పథకంలోని భాగాలు. 1990ల చివరికల్లా దాదాపు అన్ని బడులకూ ఇంటర్నెట్ చేరింది. ఇందులో టీచర్ల శిక్షణే నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. పెట్టెలు కొని గదిలో పెట్టి తాళం వేయడం ఏ ప్రభుత్వమైనా చేయగలదు.

యూరోపియన్ యూనియన్‌లో చేరడంలో ఆయన పాత్ర ఎంత?

చాలా ఉంది. 1996 చివర్లో విదేశాంగ మంత్రి అయ్యారు. అప్పట్లో బాల్టిక్ దేశాలు మూడింటినీ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) ఒకే గాటన కట్టి, వెనకబడ్డ మాజీ సోవియట్ రాజ్యాలుగా చూసేవారు. ఎస్టోనియాను దాని సంస్కరణలను బట్టి విడిగా అంచనా వేయాలని ఇల్వెస్ వాదించారు. 1997 డిసెంబరులో లక్సెంబర్గ్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశం చర్చలకు పిలిచిన మొదటి వరుసలో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లొవేనియా, సైప్రస్‌లతో పాటు ఎస్టోనియా ఉంది. లాత్వియా, లిథువేనియా లేవు. ఆ రెండు దేశాలకూ అది కష్టంగానే తోచింది.

1998లో మంత్రి పదవికి రాజీనామా చేసి, 1999 ఎన్నికల తర్వాత మార్ట్ లార్ ప్రభుత్వంలో మళ్లీ విదేశాంగ మంత్రి అయ్యారు. 2002 జనవరి వరకు ఆ పదవిలో ఉన్నారు. ఎస్టోనియా 2004 మార్చి 29న నాటోలో, మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. అప్పటికి ఆయన మంత్రి కాదు. దారి మాత్రం చాలావరకు ఆయన హయాంలో పడిందే.

ఎస్టోనియా బాల్టిక్ దేశం కాదని అన్నారట, నిజమేనా?

1999 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో చేసిన ప్రసంగంలో ఎస్టోనియాను స్వీడన్, ఫిన్లాండ్‌ల లాంటి నార్డిక్ (ఉత్తర యూరప్) దేశంగా చూడాలన్నారు. లాత్వియా, లిథువేనియాలతో తమకు ఉమ్మడిగా ఉన్నది ప్రధానంగా బయటి నుంచి మీద పడ్డ కష్టాలేనని, భాషలో, స్వభావంలో తాము ఫిన్లాండ్‌కు దగ్గరని ఆయన వాదన. పొరుగువారికి నచ్చలేదు. ఎస్టోనియాలో ఈ చర్చ ఇప్పటికీ నడుస్తుంది.

## పార్టీ రాజకీయం

సోషల్ డెమొక్రాట్ అంటే కమ్యూనిస్టు కాదా?

కాదు. మనకు వామపక్షం అనగానే ఎర్రజెండా గుర్తుకొస్తుంది కాబట్టి ఈ సందేహం సహజమే. ఎస్టోనియాలో సోషల్ డెమొక్రాట్లు సోవియట్ పాలనను ఎదిరించిన వర్గంలోంచి వచ్చారు. 1988లో పుట్టిన పాపులర్ ఫ్రంట్ అనే ప్రజా ఉద్యమ ముఖ్యుల్లో ఒకరైన మార్యు లౌరిస్టిన్ 1990లో సోషల్ డెమొక్రాటిక్ పార్టీకి తొలి నాయకురాలయ్యారు. ఆమె తండ్రి యోహానెస్ లౌరిస్టిన్ 1940లో సోవియట్ ఎస్టోనియా ప్రభుత్వానికి అధిపతి. అంటే తండ్రి నిలబెట్టిన వ్యవస్థను కూల్చిన ఉద్యమంలో కూతురు ముందు వరుసలో నిలిచింది. ఆ దేశ చరిత్ర అలాంటి కుటుంబాలతో నిండి ఉంటుంది.

పన్నులు, ఆరోగ్యం, నిరుద్యోగ భృతి విషయాల్లో ఈ పార్టీ ఎడమ వైపు. నాటో, యూరప్ విషయాల్లో పూర్తిగా పశ్చిమ దేశాల వైపు. ఇల్వెస్‌కు ఈ రెండో పార్శ్వమే బాగా నప్పింది.

పార్టీ పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉందేంటి?

ఎందుకంటే అది చాలాసార్లు మారింది. 1990ల మొదట్లో సోషల్ డెమొక్రాట్లు, ఒక గ్రామీణ పార్టీ కలిసి "మోడరేట్లు" పేరుతో పోటీ చేసి, 1996లో ఒకే పార్టీ అయ్యాయి. ఇల్వెస్ 1998లో నాయకత్వం తీసుకున్న చిన్న పార్టీ కూడా 1999లో వాళ్లలో కలిసింది. 2004లో సోషల్ డెమొక్రాటిక్ పార్టీ అన్న పేరు స్థిరపడింది.

పార్టీ నాయకత్వం ఎందుకు వదిలేశారు?

ఓటమి వల్ల. 1999లో మోడరేట్లకు 101 స్థానాల పార్లమెంటులో 17 వచ్చాయి. మార్ట్ లార్ కూటమిలో ఉన్నన్నాళ్లూ ప్రైవేటీకరణ, పొదుపు చర్యల భారం వాళ్ల మీదా పడింది. ఇల్వెస్ 2001లో పార్టీ నాయకుడయ్యారు. 2002 అక్టోబరు స్థానిక ఎన్నికల్లో పార్టీ బాగా దెబ్బతింది. ఆయన బాధ్యత తీసుకుని తప్పుకున్నారు. ఇవారి పదార్ ఆ స్థానంలోకి వచ్చారు. 2003 పార్లమెంటు ఎన్నికల్లో వచ్చినవి 6 స్థానాలే.

పార్టీని ఊరూరా నిలబెట్టే కార్యకర్తల నాయకుడు కాదాయన. రాత్రి పొద్దుపోయేదాకా జిల్లా నాయకుల పంచాయితీలు తీర్చే ఓపిక ఆయన శైలిలో కనపడదు.

మరి రెండేళ్లకే 2004లో అంత పెద్ద గెలుపు ఎలా వచ్చింది?

అది యూరోపియన్ పార్లమెంటు ఎన్నిక. ఎస్టోనియాకు ఉన్నవి 6 స్థానాలు. ఇల్వెస్ ముందుండి నడిపిన సోషల్ డెమొక్రాట్లకు 36.8 శాతం ఓట్లు, 3 స్థానాలు వచ్చాయి. పోలింగ్ 27 శాతం లోపే. ఓటేయడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బ్రస్సెల్స్‌లో మాట్లాడగల మనిషి ఎవరని చూశారు, పార్టీని చూడలేదు. దేశంలో బలహీనమైన పార్టీ, దేశం బయట బలమైన అభ్యర్థి: ఆయన రాజకీయ జీవితమంతా ఈ లెక్కే నడిచింది.

## అధ్యక్ష పదవి

ఒక్క ఓటుతో గెలిచారంటారు, ఏం జరిగింది?

ఎస్టోనియాలో అధ్యక్షుణ్ని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ముందు పార్లమెంటు, అంటే రీగికోగు, ప్రయత్నిస్తుంది. 101 మందిలో 68 మంది మద్దతు కావాలి. మూడు రౌండ్లలోనూ తేలకపోతే ఎంపీలు, స్థానిక సంస్థల ప్రతినిధులు కలిసిన ఎన్నికల మండలి కూర్చుంటుంది.

2006 ఆగస్టు 28న మొదటి రౌండులో రీగికోగు ఉప స్పీకర్ ఎనె ఎర్గ్మాకు 65 ఓట్లు వచ్చాయి. మర్నాడు రెండు రౌండ్లలో ఇల్వెస్‌కు 64 చొప్పున. అప్పటి అధ్యక్షుడు ఆర్నోల్డ్ ర్యూటెల్ పార్లమెంటు దశలో పోటీ చేయనన్నారు, ఎన్నికల మండలిలోనే చూసుకుంటానన్నారు. ఆయన్ను సమర్థించే సెంటర్ పార్టీ, పీపుల్స్ యూనియన్ ఎంపీలు బ్యాలెట్ కాగితాలు కూడా తీసుకోలేదు. అందువల్ల 68 దాటడం అసాధ్యమైంది.

సెప్టెంబరు 23న టాలిన్‌లో ఎన్నికల మండలి సమావేశమైంది. పల్లె కౌన్సిళ్ల ప్రతినిధుల్లో ర్యూటెల్‌కు మంచి పట్టు ఉంది. 345 మంది ఓటేశారు, గెలవాలంటే 173 కావాలి. ఇల్వెస్‌కు 174, ర్యూటెల్‌కు 162. మిగతావి ఖాళీవి, చెల్లనివి. అవసరమైన దానికంటే ఒక్కటంటే ఒక్క ఓటు ఎక్కువ. "ఒక్క ఓటు" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం 12.

ఈ పోటీలో వ్యక్తుల కంటే పెద్ద విషయం ఒకటుంది. ర్యూటెల్ సోవియట్ ఎస్టోనియా సుప్రీం సోవియట్ అధ్యక్షుడిగా పనిచేసి, స్వాతంత్ర్యం వైపు దేశాన్ని నడిపినవాడు. ఇల్వెస్ ఆ కాలమంతా బయట ఉన్నవాడు. లోపలే ఉండి భరించినవాళ్లకూ, బయటి నుంచి తిరిగొచ్చినవాళ్లకూ మధ్య ఉన్న దూరం ఆ రోజు ఓట్ల పెట్టెలో కనిపించింది.

అధ్యక్షుడయ్యాక కూడా సోషల్ డెమొక్రాటేనా?

పదవిలో ఉన్నంతకాలం కాదు. పదవి చేపట్టగానే పార్టీ సభ్యత్వం నిలిపివేయాలని రాజ్యాంగం చెబుతుంది. 2006 అక్టోబరు 9న ప్రమాణ స్వీకారంతో ఆయనకూ అదే జరిగింది.

అధ్యక్షుడికి అసలు అధికారాలేమైనా ఉన్నాయా?

తక్కువే. ప్రభుత్వాన్ని నడిపేది ప్రధాని. చట్టాన్ని అధ్యక్షుడు ఒకసారి పార్లమెంటుకు తిప్పి పంపగలరు. అదే చట్టాన్ని వాళ్లు మార్చకుండా మళ్లీ ఆమోదిస్తే సంతకం చేయాలి, లేదా సుప్రీంకోర్టును అడగాలి. ప్రధాని అభ్యర్థిని సూచించడం, విదేశాల్లో దేశం తరఫున మాట్లాడటం ఉంటాయి. మాటే ఆయుధమైన పదవి, మాటకారికి దొరికింది.

కాంస్య సైనికుడి విగ్రహం గొడవలో ఆయన ఏ పక్షం?

చాలామంది అనుకున్నంత సూటిగా లేదు ఈ జవాబు. రాజధాని టాలిన్ మధ్యలో తినిస్‌మ్యాగి దగ్గర సోవియట్ ఎర్రసైన్యం స్మారకంగా ఒక కాంస్య విగ్రహం ఉండేది. రష్యన్ మాట్లాడేవాళ్లకు అది నాజీలపై గెలుపు, తాత ముత్తాతల జ్ఞాపకం. ఎస్టోనియన్లకు అది ఆక్రమణ గుర్తు. విగ్రహాన్ని ముప్పై రోజుల్లో తొలగించాలనే చట్టాన్ని పార్లమెంటు 2007 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఇల్వెస్ సంతకం చేయలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని తిప్పి పంపారు. ప్రభుత్వం యుద్ధ సమాధుల రక్షణ చట్టం ఆధారంగా ముందుకు వెళ్లి, ఏప్రిల్ చివర్లో విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించింది.

ఏప్రిల్ 26 రాత్రి నుంచి టాలిన్‌లో అల్లర్లు జరిగాయి, ఒక యువకుడు చనిపోయాడు. వెంటనే సైబర్ దాడులు మొదలయ్యాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లు, బ్యాంకులు, పత్రికల సైట్లకు లెక్కలేనన్ని నకిలీ అభ్యర్థనలు పంపి కుప్పకూల్చారు. ఇది దాదాపు మూడు వారాలు సాగింది. తొంభై శాతం పనులు ఇంటర్నెట్‌లోనే చేసుకునే బ్యాంకులకు బయటి దేశాల కనెక్షన్లు తెంచుకోక తప్పలేదు.

ఇల్వెస్ ఆ తర్వాత ప్రతి వేదిక మీదా అడిగిన ప్రశ్న ఒకటే. ఓడలతో ఓడరేవును దిగ్బంధిస్తే అది దాడి అంటారు, ఒక దేశపు బ్యాంకులను నెట్‌వర్క్‌లో దిగ్బంధిస్తే ఏమనాలి? 2008లో నాటో గుర్తింపు పొందిన సైబర్ రక్షణ కేంద్రం టాలిన్‌లో ఏర్పడింది. ఆ ప్రతిపాదన ఎస్టోనియా 2004లోనే పెట్టింది. దాన్ని పట్టించుకునేలా చేసింది 2007.

రష్యాతో ఆయనకు ఎందుకంత పడదు?

శరణార్థి కుటుంబం, సోవియట్ వ్యతిరేక రేడియో ఉద్యోగం, ఇవన్నీ నేపథ్యం. పదవిలో ఉండగా జరిగిన రెండు సంఘటనలు గుర్తుపెట్టుకోదగ్గవి. 2008 జూన్‌లో సైబీరియాలోని ఖాంతీ-మన్సీస్క్‌లో ఫిన్నో-ఉగ్రిక్ జాతుల (ఎస్టోనియన్, ఫిన్నిష్ లాంటి ఒకే కుటుంబ భాషలు మాట్లాడేవాళ్ల) మహాసభ జరిగింది. చిన్న జాతులు స్వేచ్ఛను ఎంచుకోవడం గురించి ఇల్వెస్ మాట్లాడారు. రష్యన్ పార్లమెంటు సభ్యుడు కొన్‌స్తాంతిన్ కొసచెవ్ ఎస్టోనియాను వేదిక మీదే విమర్శించారు. ఎస్టోనియా బృందం లేచి బయటికి వచ్చేసింది.

అదే ఏడాది ఆగస్టులో రష్యా సేనలు జార్జియాలోకి వెళ్లాయి. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ అధ్యక్షులు, లాత్వియా ప్రధానితో పాటు ఇల్వెస్ ఆగస్టు 12న త్బిలిసీ చేరి, పార్లమెంటు ఎదుట లక్షలాది జనం ముందు నిలబడ్డారు. అప్పట్లో పశ్చిమ యూరప్‌లో చాలామంది వీళ్లది అతి భయమన్నారు. 2014లో క్రిమియా, 2022లో ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర చూశాక ఆ మాట అనేవాళ్లు తగ్గిపోయారు.

ఆయనకు రష్యన్ రాదా?

రాదు. దేశంలో దాదాపు నాలుగో వంతు జనం రష్యన్ మాట్లాడేవాళ్లు. అధ్యక్షుడు వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడకపోవడం వాళ్లలో చాలామందికి నొప్పి కలిగించింది. బయట పెరిగిన ఎస్టోనియన్‌కు రష్యన్ నేర్చుకునే అవసరం రాకపోవడం అర్థం చేసుకోవచ్చు. కానీ పదేళ్ల పదవీకాలం అందుకు సరిపోయేది. ఆయన మీద ఉన్న విమర్శల్లో నాకు అన్నిటికంటే బలమైనదిగా కనిపించేది ఇదే.

పాల్ క్రుగ్‌మన్‌తో ట్విటర్‌లో ఎందుకు గొడవపడ్డారు?

2012 జూన్‌లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్రుగ్‌మన్ తన బ్లాగులో ఎస్టోనియా గురించి చిన్న టపా పెట్టారు. పొదుపు చర్యలకు ఆదర్శమని చెప్పే దేశం లోతుగా పడిపోయి, ఇంకా పూర్తిగా కోలుకోలేదని ఒక గ్రాఫుతో చూపించారు. ఇల్వెస్ వరుస ట్వీట్లతో కోపంగా బదులిచ్చారు. తమ దేశాన్ని తక్కువచేసి మాట్లాడుతున్నారన్నది ఆయన బాధ. ఈ వివాదం ఎంత ప్రసిద్ధమైందంటే దాని మాటలతో ఒక చిన్న ఒపేరా కూడా కట్టారు.

లెక్కలు చూస్తే, 2009లో ఎస్టోనియా ఆర్థిక వ్యవస్థ దాదాపు 14 శాతం కుంగింది. 2010 మొదట్లో నిరుద్యోగం 20 శాతం దగ్గరికి వెళ్లింది. ప్రభుత్వ జీతాలు కోశారు. ఆ బాధను ఓర్చుకుని 2011 జనవరి 1న యూరోలో చేరారు. ఇక్కడ గమనించాల్సింది, 2009 మేలో నిరుద్యోగ భృతి, కార్మిక చట్టాల విషయంలో విభేదించినందుకు ప్రధాని ఆంద్రుస్ అన్సిప్ సోషల్ డెమొక్రాట్ మంత్రుల్ని తొలగించారు. ఆ పార్టీ నుంచే వచ్చిన అధ్యక్షుడు మూడేళ్ల తర్వాత అదే పొదుపు విధానాన్ని ప్రపంచం ముందు వెనకేసుకొచ్చారు. దేశం పరువు అనుకున్నప్పుడు పార్టీ సిద్ధాంతం ఆయనకు రెండోదే.

రెండోసారి కూడా అంత టెన్షనేనా?

లేదు. 2011 ఆగస్టు 29న పార్లమెంటులో మొదటి రౌండులోనే 73 ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థి ఇంద్రెక్ తరంద్‌కు 25. స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక మొదటి రౌండులోనే పార్లమెంటు అధ్యక్షుణ్ని ఎన్నుకోవడం అదే మొదలు.

ప్రజా సభ అంటూ ఏదో ప్రయోగం చేశారట, అదేంటి?

ఆయన పదేళ్లలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది. 2012లో అధికార రిఫార్మ్ పార్టీకి వచ్చిన విరాళాల మీద పెద్ద దుమారం రేగింది. ఆ పార్టీకే చెందిన ఒకరు, ఎక్కడివో తెలియని డబ్బులు తన పేరుతో పార్టీకి కట్టానని బయటపెట్టారు. జనం వీధుల్లోకి వచ్చారు. మేధావులు "చార్టర్ 12" అనే విజ్ఞాపన రాశారు. నవంబరులో ఇల్వెస్ పార్టీల వాళ్లను, పౌర సంఘాల వాళ్లను, చార్టర్ రాసినవాళ్లను అధ్యక్ష భవనం ఉన్న కాడ్రియోర్గ్‌లో, పాత ఐసు నిల్వగదిలో ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

దాని ఫలితమే రహ్వకోగు, అంటే ప్రజా సభ. 2013 జనవరిలో ఒక వెబ్‌సైటు తెరిచి, పార్టీల నిధులు, ఎన్నికల పద్ధతి, జనం భాగస్వామ్యం గురించి ఎవరైనా సూచనలు రాయవచ్చన్నారు. సూచనలు, వ్యాఖ్యలు కలిపి వేలల్లో వచ్చాయి. నిపుణులు వాటిని గుదిగుచ్చారు. ఏప్రిల్ 6న, జనాభా నమూనా ప్రకారం ఎంచిన సుమారు 300 మంది మామూలు పౌరులు ఒకరోజంతా చిన్న చిన్న బృందాలుగా కూర్చుని చర్చించారు. ఎంపికైన ప్రతిపాదనలను ఇల్వెస్ పార్లమెంటుకు అందించారు.

అన్నీ చట్టాలు కాలేదు. కొన్నే అయ్యాయి. పార్టీ పెట్టడానికి వెయ్యిమంది సభ్యులుండాలన్న నిబంధన 500కు దిగింది. వెయ్యి సంతకాలు పోగుచేస్తే ఆ విషయాన్ని పార్లమెంటు పరిశీలించి తీరాలన్న హక్కు వచ్చింది. ఇంటర్నెట్‌తో పన్ను కట్టించుకోవడం ఒక ఎత్తు, ఇంటర్నెట్‌తో జనం మాట చట్టసభ గడప దాకా చేర్చడం మరో ఎత్తు.

## డిజిటల్ పేరు

ఈ-రెసిడెన్సీ, ఆన్‌లైన్ ఓటు ఇవన్నీ ఇల్వెస్ పెట్టినవేనా?

కాదు. డిజిటల్ సంతకం చట్టం 2000లో వచ్చింది. ప్రభుత్వ డేటాబేసులను కలిపే ఎక్స్-రోడ్ 2001లో, ఐడీ కార్డులు 2002లో, స్థానిక ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు 2005లో మొదలయ్యాయి. అప్పటికి ఆయన అధ్యక్షుడే కాదు. మొదటివాటి కాలంలో మంత్రివర్గంలో ఉన్నారంతే. ఇవి ఇంజనీర్లు, అధికారులు, బ్యాంకులు, వరుస ప్రభుత్వాలు కలిసి కట్టినవి. 2014 డిసెంబరు 1న మొదలైన ఈ-రెసిడెన్సీ కూడా తావి కొత్కా తదితర అధికారుల ఆలోచన.

ఇల్వెస్ చేసింది ఆ పనిని ప్రపంచానికి అర్థమయ్యేలా చెప్పడం. యూరోపియన్ యూనియన్ ఈ-హెల్త్ కార్యదళానికి, తర్వాత క్లౌడ్ భాగస్వామ్య మండలికి నాయకత్వం వహించారు. గోప్యత కంటే డేటా మార్చేయడమే పెద్ద ప్రమాదమని ఆయన తరచూ అంటారు. నా రక్తం గ్రూపు ఎవరికో తెలిస్తే పెద్ద నష్టం లేదు, ఎవరైనా దాన్ని రికార్డులో మార్చేస్తే ప్రాణమే పోతుందన్నది ఆయన వాదనలోని సారం.

ఈ-రెసిడెన్సీ తీసుకుంటే అక్కడ ఉండొచ్చా?

ఉండలేరు. అది వీసా కాదు, నివాస అనుమతి కాదు, పౌరసత్వం అసలే కాదు. ఎస్టోనియాలో కంపెనీ పెట్టి, డిజిటల్‌గా సంతకాలు చేసి నడుపుకోవడానికి ఇచ్చే గుర్తింపు మాత్రమే. డబ్బు తీసుకుని ఇంతకు మించి ఆశ పెట్టేవాళ్లను నమ్మకండి.

భారత్‌తో ఆయనకేమైనా సంబంధం ఉందా?

నేరుగా ఒకటి చెప్పుకోవచ్చు. డిజిటల్ సాంకేతికత అభివృద్ధికి ఎంతవరకు ఉపయోగపడుతోందని ప్రపంచ బ్యాంకు 2016లో వార్షిక నివేదిక తెచ్చింది. దాని సలహా మండలికి ఇల్వెస్, బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న కౌశిక్ బసు కలిసి అధ్యక్షత వహించారు. 2019 ఆగస్టులో అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు టాలిన్ వెళ్లారు. అయితే అప్పటి ఎస్టోనియా అధ్యక్షురాలు కెర్స్తి కల్యులైద్. ఇల్వెస్ పదవి దిగి మూడేళ్లవుతోంది.

## పదవి తర్వాత

2016 తర్వాత ఏం చేస్తున్నారు?

2016 అక్టోబరు 10న కల్యులైద్‌కు బాధ్యతలు అప్పగించారు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా చేరి, అక్కడి హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌లోనూ పనిచేశారు. ఆ ఏడాదే జర్మనీ బెర్టెల్స్‌మన్ ఫౌండేషన్ ఇచ్చే రైన్‌హార్డ్ మోన్ బహుమతి అందుకున్నారు. తర్వాత టార్టు విశ్వవిద్యాలయంలోనూ బోధించారు. ఎన్నికల్లో బయటి దేశాల జోక్యం, సైబర్ భద్రత ఆయన ప్రధాన విషయాలు. బో టై కూడా అలాగే ఉంది.

ఆయన తర్వాత ఆ పార్టీలో అంత పేరున్నవాళ్లెవరు?

మార్యు లౌరిస్టిన్ 2014లో యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికై, వ్యక్తిగత సమాచార రక్షణ చర్చల్లో గట్టిగా పనిచేశారు. ఎయికి నెస్తోర్ 2014 నుంచి 2019 వరకు రీగికోగు స్పీకర్. స్వెన్ మిక్సెర్ 2016-19లో విదేశాంగ మంత్రి. ఇల్వెస్ దారికి బాగా దగ్గరగా నడిచింది మరినా కల్యురంద్. ఆమె వృత్తిరీత్యా దౌత్యవేత్త, 2007 సైబర్ దాడుల సమయంలో మాస్కోలో ఎస్టోనియా రాయబారి. తర్వాత విదేశాంగ మంత్రి అయ్యారు. 2019 యూరోపియన్ ఎన్నికల్లో సోషల్ డెమొక్రాట్ల తరఫున 65 వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని ఆ దేశంలో అందరికంటే ముందు నిలిచారు. ఆమె రష్యన్ ధారాళంగా మాట్లాడతారు.